మందుకు లెక్కుంది... నొప్పికో?

నొప్పి బిళ్ళ ఊరి మందుల దుకాణంలో అడగ్గానే దొరుకుతుంది. ప్రాణం తోడేసే నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రం ఆసుపత్రి మంచం దాకా రావడమే కష్టం. అక్కర్లేని చోట అతిగా, కావలసిన చోట కరువుగా ఉంది నొప్పి వైద్యం. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం నేలల మీద ఈ తేడా ఎలా వచ్చింది? ఆసుపత్రిలో నొప్పిని ఎలా చూడాలి? రోగి వెంట వెళ్ళినవాళ్ళు ఏం అడగాలి?

ఆసుపత్రిలో మీవాళ్ళ మంచం దగ్గరున్న కేసు షీటు ఒకసారి తీసి చూడండి. జ్వరం ఎంతుందో, నాడి ఎలా కొట్టుకుంటోందో, బీపీ ఎంతో, నిన్నటి నుంచి మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో గడుల్లో రాసి ఉంటుంది. నొప్పి ఎంతుందో రాసే గడి చాలా చోట్ల ఉండదు. ఉన్నా, ఖాళీగా ఉంటుంది.

అదే ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ పక్కన తాళం వేసిన బీరువా ఒకటి ఉంటుంది. మార్ఫిన్, ఫెంటనిల్ సూదిమందులు అందులో దాస్తారు. దానికో రిజిస్టరు. ఏ రోగికి ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది, మిగిలినదాన్ని ఎవరి ఎదుట పారబోశారు, ఖాళీ సీసా తిరిగి వచ్చిందా లేదా, అన్నీ రాసి సంతకాలు పెట్టాలి. ఒక్క సీసా తేడా వచ్చినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ప్రమాదం ఉన్న మందు కాబట్టి ఆ జాగ్రత్త సబబే. తప్పల్లా, ఏ నొప్పి కోసం ఆ మందు పుట్టిందో ఆ నొప్పికి అలాంటి లెక్క లేకపోవడం.

మూడో చోటు ఊళ్ళోని మందుల దుకాణం. అక్కడ మందుకూ లెక్క లేదు, నొప్పికీ లెక్క లేదు. పత్తి తీసి నడుము పట్టేసినవాళ్ళు, మిరప కోతల్లో రోజంతా వంగి మోకాళ్ళు వాచినవాళ్ళు చీటీ లేకుండానే నాలుగు బిళ్ళలు తెచ్చుకుంటారు. ఆర్‌ఎంపీ డాక్టరు ఇంటికొచ్చి డైక్లోఫెనాక్ సూది వేస్తాడు. కొందరు దాంతోపాటు స్టెరాయిడూ కలిపి పొడుస్తారు. తెల్లారేసరికి మనిషి మళ్ళీ చేలో ఉంటాడు. ఆ సూది కిడ్నీకి, కడుపుకి ఏం చేసిందో తెలిసేది కొన్నేళ్ళ తర్వాతే.

కల్లంలో మంట చెప్పిన పాఠం

నొప్పి ఎలా పుడుతుందో గుంటూరు సీమకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. మిరప కోతల కాలంలో కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకు రాత్రి పడుకున్నాక కూడా చేతులు మండుతూనే ఉంటాయి. ఎన్నిసార్లు నీళ్ళతో కడిగినా పోదు, నూనె రాస్తే కాస్త నెమ్మదిస్తుంది. మిరపలోని క్యాప్‌సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కారణం అదే.

చేతికి నిప్పు తగల్లేదు, చర్మం కాలలేదు. అయినా కాలినట్టే ఎందుకుంటుంది? అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీని గుట్టు విప్పింది. మన నరాల చివర వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంది. దాదాపు 43 డిగ్రీల వేడి దాటితే అది తెరుచుకుని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్‌సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. అందుకే కారం, కాలడం మెదడుకు ఒకేలా అనిపిస్తాయి. ఈ పరిశోధనకే 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి జూలియస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే క్యాప్‌సైసిన్‌ను ఎక్కువ మోతాదులో తగిలిస్తే నరాల చివరలు కొన్నాళ్ళపాటు మొద్దుబారతాయి. అక్కి తగ్గాక నెలల తరబడి వేధించే నరాల నొప్పికి 8 శాతం క్యాప్‌సైసిన్ పట్టీని అమెరికా 2009లో అనుమతించింది. దాన్ని వైద్య సిబ్బందే వెయ్యాలి, ఇంట్లో కారంతో చేసే ప్రయోగం కాదిది.

కబురు చర్మం దగ్గర బయల్దేరుతుంది. నరం మీదుగా వెన్నుపాముకు చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళుతుంది. ఈ దారిలో ఎక్కడైనా అడ్డుకోవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి దెబ్బ తగిలిన చోట వాపును తగ్గిస్తాయి. నరానికి ఇచ్చే మత్తు సూది దారి మధ్యలో ఆపుతుంది. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ వెన్నుపాములో, మెదడులో పనిచేస్తాయి. నల్లమందు నుంచి తీసిన మందుల్ని, వాటిలా పనిచేసేలా తయారుచేసిన మందుల్ని కలిపి ఓపియాయిడ్లు అంటారు. నొప్పిని తట్టుకోవడానికి మన ఒంట్లో సహజంగా ఊరే ఎండార్ఫిన్లు కూర్చునే చోటే ఇవీ కూర్చుంటాయి. చిక్కేమిటంటే, ఊపిరి లయను నడిపే మెదడు భాగంలోనూ అలాంటి చోట్లే ఉన్నాయి. నొప్పి తగ్గించే గుణం, ఊపిరి మందగించే ప్రమాదం ఒకే మందులో కలిసి రావడానికి కారణం ఇదే.

‘ఓర్చుకోమను’

ఏ ఊరి వార్డులోనైనా, ఏ రాత్రయినా వినిపించే మాటలివి.

“సిస్టరమ్మా, మా ఆయన ఇందాకటి నుంచి మూలుగుతానే ఉన్నాడు. ఒక సూదన్నా వెయ్యండమ్మా.”

“ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉంటుందమ్మా. మళ్ళీ సూది పొద్దున ఆరింటికి రాశారు డాక్టరు గారు. అప్పటిదాకా ఓర్చుకోమను.”

సిస్టరుకు జాలి లేక కాదు. రాసింది ఆరింటికే, ఈలోగా నొప్పి వస్తే ఏం ఇవ్వాలో కేసు షీటులో లేదు. రోగి కూడా గట్టిగా అడగడు. నొప్పి అని చెప్పుకోవడం మగతనానికి తక్కువని ఒకరనుకుంటే, మాటిమాటికీ పిలిస్తే విసుక్కుంటారని మరొకరు భయపడతారు. కాన్పు నొప్పులు పడ్డదానివి, ఇదో లెక్కా అని ఆడవాళ్ళ నోరు ఇంట్లోవాళ్ళే మూయిస్తారు.

ఓర్పు మంచిదే. ఆపరేషన్ తర్వాతి నొప్పి దగ్గర మాత్రం అది చేటు చేస్తుంది. పొట్టకో ఛాతీకో కోత పడ్డవాడు నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీసుకోడు, దగ్గడు. కఫం ఊపిరితిత్తుల్లో పేరుకుని న్యుమోనియా వస్తుంది. పక్కటెముకలు విరిగినవాళ్ళదీ అదే కథ. కాలు కదపలేక మంచానికే అతుక్కుపోతే రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పుంది. నొప్పితో బీపీ, గుండె వేగం పెరుగుతాయి, షుగరు అదుపు తప్పుతుంది. మొదటి రోజుల్లో తీవ్రమైన నొప్పిని పట్టించుకోకపోతే కొందరిలో గాయం మానాక కూడా నెలల తరబడి నిలిచిపోతుంది.

నొప్పిని కొలిచే యంత్రం లేదు. అనుభవించేవాడు చెప్పిందే కొలత. సున్నా నుంచి పది వరకు ఎంత అని అడగడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. మన పెద్దవాళ్ళకు అది తికమకగా ఉంటే వాళ్ళకు తెలిసిన లెక్కే ఉంది.

“పెద్దాయనా, రూపాయికి ఎంతుంది నొప్పి?”

“ముప్పావలా ఉంది బాబూ.”

“సూది వేశాక?”

“పావలాకొచ్చింది.”

ఇంతకంటే మంచి కొలబద్ద అక్కర్లేదు. కాకపోతే అడిగి ఊరుకోకూడదు, కాగితం మీద పెట్టాలి. ఉత్తినే పడుకున్నప్పుడే కాదు, దగ్గినప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత, నిద్ర పట్టిందా అన్నది కూడా అడగాలి. మందిచ్చాక మళ్ళీ అడగాలి. చిన్నపిల్లలకు నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపించి అడుగుతారు. మాట్లాడలేని రోగికి నొసలు ముడతపడటం, పళ్ళు బిగించడం, చెయ్యి ముట్టుకోనివ్వకపోవడమే జవాబు.

ఒక్క మందు మీదే భారం వద్దు

నొప్పి ఎక్కువైతే ఇంకా పెద్ద మందు ఇవ్వాలన్నది పాత ఆలోచన. క్యాన్సర్ నొప్పి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మెట్లవారీ పద్ధతి ప్రకటించింది. మామూలు బిళ్ళతో మొదలుపెట్టి, చాలకపోతే బలహీనమైన ఓపియాయిడ్, ఆపైన మార్ఫిన్. కోట్లమందికి అది దారి చూపింది. ఆపరేషన్ వార్డుల్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి కాస్త వేరు. తలా కొంచెం మోసేలా రెండు మూడు రకాల మందులు ఒకేసారి ఇస్తారు. పారాసిటమాల్‌ను నొప్పి వచ్చినా రాకున్నా వేళకు ఇస్తారు. కిడ్నీ, కడుపు బాగున్నవాళ్ళకు కొద్ది రోజులు వాపు తగ్గించే మందు కలుపుతారు. కోత పడ్డ చోటికి వెళ్ళే నరానికి మత్తు సూది వేస్తారు. ఇవన్నీ చేశాక కూడా మిగిలిన నొప్పికి ఓపియాయిడ్. అలా వాడితే అది తక్కువ మోతాదులోనే సరిపోతుంది.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే తుంటి ఎముక విరిగిన డెబ్బై ఏళ్ళ ముసలమ్మను తలుచుకోండి. పెద్ద వయసు. మత్తు మందు ఎక్కువైతే మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితికి వెళుతుంది. నొప్పి తగ్గించకపోతే కూడా అంతే. స్కానింగ్‌లో చూస్తూ తొడ మొదట్లో నరాల దగ్గర ఒక మత్తు సూది వేస్తే ఎక్స్‌రే బల్ల మీదికి మార్చేటప్పుడు కేక పెట్టకుండా ఉంటుంది. మత్తు డాక్టర్లు ఆపరేషన్ గదికే పరిమితం కాకుండా వార్డులోకి వస్తే జరిగే మేలు ఇది.

వేళ కూడా మందంత ముఖ్యం. మిరప తోట వాడిపోయాక నీళ్ళు పెట్టే రైతు ఉండడు, వాడకముందే తడి ఇస్తాడు. నొప్పి మందూ అంతే. నొప్పి పూర్తిగా ముదిరాక దాన్ని దించాలంటే ఎక్కువ మందు కావాలి. అందుకే ‘నొప్పి వస్తే ఇవ్వండి’ అని రాయడం కంటే ఇన్ని గంటలకొకసారి అని రాసి, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఏం ఇవ్వాలో కూడా రాయడం మంచిది. పై సంభాషణలో సిస్టరమ్మ చేతులు కట్టేసింది ఆ ఒక్క వాక్యం లేకపోవడమే.

భయం ఎక్కడ న్యాయం, ఎక్కడ కాదు?

మార్ఫిన్ పేరెత్తగానే కొందరు డాక్టర్లూ వెనకాడతారు. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేం. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరే వార్డంతా చూసుకునే చోట ఊపిరిని మందగింపజేసే మందు ఇచ్చి నిశ్చింతగా ఇంటికి వెళ్ళడం ఏ డాక్టరుకైనా కష్టమే. మన దగ్గర మార్ఫిన్ కొరత సగం చట్టంలో ఉంటే, సగం ఈ సిబ్బంది కొరతలో ఉంది.

కాకపోతే ఆ ప్రమాదం చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. ఊపిరి మందగించే ముందు సాధారణంగా రోగి జోగడం మొదలుపెడతాడు. పిలిస్తే పలికి, మాట మధ్యలో కళ్ళు మూసుకుంటుంటే అది తొలి హెచ్చరిక. తట్టినా సరిగా లేవక, నిమిషానికి పదిసార్లు కూడా ఊపిరి తీసుకోకపోతే మందు ఆపి, ఆక్సిజన్ పెట్టి, విరుగుడైన నలోక్సోన్ ఇవ్వాలి. నలోక్సోన్ ప్రభావం త్వరగా దిగిపోతుంది, అసలు మందు ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆ తర్వాతా కనిపెట్టుకుని ఉండాలి.

ఎవరికి ఎక్కువ జాగ్రత్త కావాలో కూడా ముందే తెలుసు. నిద్రలో గట్టిగా గురకపెట్టి ఊపిరి ఆగి ఆగి తీసుకునేవాళ్ళు, బాగా పెద్ద వయసువాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, రోజూ సారా పుచ్చుకునేవాళ్ళు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు బయటికి పోక పేరుకుంటాయి. వాళ్ళకు ఫెంటనిల్ లాంటివి కొంత మేలు. ట్రమడాల్ తేలికైన మందని ఒక నమ్మకం ఉంది. ఫిట్స్ వచ్చేవాళ్ళకు అది మూర్ఛ తెప్పించగలదు, దిగులుకు వాడే కొన్ని మందులతో కలిస్తే చిక్కులు తెస్తుంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు నొప్పి కోసం కోడీన్, ట్రమడాల్ ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఆదేశించింది, పాలిచ్చే తల్లులు కూడా వాడొద్దని హెచ్చరించింది.

అలవాటు పడిపోతారన్న భయం సంగతి? ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తుంటారు. కొన్ని వారాలు మార్ఫిన్ వాడిన ఒంటికి హఠాత్తుగా ఆపేస్తే ఒళ్ళు నొప్పులు, చెమటలు, విరేచనాలు వస్తాయి. అది శరీర ధర్మం. మెల్లగా తగ్గిస్తూ ఆపితే పోతుంది. వ్యసనం వేరు. నొప్పి లేకున్నా మందు కోసం వెంపర్లాడటం, కీడు జరుగుతోందని తెలిసినా మానలేకపోవడం వ్యసనం. రెండు మూడు రోజుల ఆపరేషన్ నొప్పికి ఆసుపత్రిలో కొలిచి ఇచ్చిన మందు వల్ల వ్యసనపరులయ్యేవాళ్ళు తక్కువ. ఇంటికి పంపేటప్పుడు లెక్కలేకుండా రాసిచ్చే బిళ్ళల దగ్గరే అసలు ప్రమాదం మొదలవుతుంది.

రక్తపింజర కాటు, ఫ్లోరైడ్ ఎముక

ఈ నేలకే సొంతమైన రెండు నొప్పుల్ని చూస్తే ‘ఏదో ఒక నొప్పి సూది’ అన్న అలవాటు ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

పత్తి చేలో రక్తపింజర కాటేస్తే నొప్పి భరించరానిదిగా ఉంటుంది, కాలు తొడదాకా వాస్తుంది. ఆ విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. డైక్లోఫెనాక్, యాస్పిరిన్ కూడా రక్తస్రావాన్ని పెంచేవే. అలాంటప్పుడు దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పి సూది వేయించుకోవడమంటే విషానికి తోడు పోవడమే. అందుకే కేంద్ర ప్రభుత్వ పాము కాటు చికిత్స మార్గదర్శకాలు పారాసిటమాల్ ఇవ్వమంటాయి, తీవ్రమైన నొప్పికి ట్రమడాల్ లాంటి తేలికపాటి ఓపియాయిడ్ వాడొచ్చంటాయి. అందరూ భయపడే తరగతి మందే ఇక్కడ భద్రమైనది, అందరూ నమ్మే సూదే కీడు చేసేది.

రెండోది పడమటి ప్రకాశం నొప్పి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి వైద్య ప్రపంచానికి తెలియజేసింది ఈ నేల నుంచే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి రాశారు. ఆ జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలే 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి మెడ తిరగనివ్వదు, నడుము వంగనివ్వదు. ఆ నొప్పికి జనం రోజూ మింగేది వాపు బిళ్ళలే. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలు. ఏళ్ళ తరబడి వాడే ఆ బిళ్ళలు దెబ్బతీసేదీ కిడ్నీలనే. కిడ్నీ మందగిస్తే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ నిలుస్తుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది, ఇంకో బిళ్ళ కావాలి. ఈ చక్రాన్ని తెంచేది మంచినీళ్ళు, వ్యాయామ చికిత్స, కిడ్నీ పరీక్షలు చేయిస్తూ ఇచ్చే లెక్కైన మందు. ఇలాంటి రోగి వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు, ఇన్నాళ్ళూ ఏ బిళ్ళలు మింగాడన్నది డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి.

18 కిలోల దేశం

జర్మనీ ఔషధకారుడు సెర్ట్యూర్నర్ 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో నల్లమందు నుంచి మార్ఫిన్‌ను విడదీశాడు. రెండు వందల ఏళ్ళు దాటినా తీవ్రమైన నొప్పికి కొలమానం ఇప్పటికీ అదే. ఆ నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద గసగసాల పంట వేస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. విదేశాలకూ ఎగుమతి చేస్తాం. మన రోగికి మాత్రం అందదు.

ఎందుకంటే, 1985లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని అణచడం దాని ఉద్దేశం. కనీసం 10 ఏళ్ళ జైలు అన్న మాట వినగానే ఆసుపత్రులు జడుసుకున్నాయి. మార్ఫిన్ తెప్పించాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు కావలసి వచ్చేది. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు తీరేది. దుకాణాలు నిల్వ చేయడం మానేశాయి. వైద్య విద్యార్థులు మార్ఫిన్ వాడకం చూడకుండానే డాక్టర్లయ్యారు. 1997 నాటికి ఇంత పెద్ద దేశం ఏడాదికి వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది.

ఆ శూన్యంలోకి చట్టం పట్టింపు లేని మందులు వచ్చాయి. తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి ట్రమడాల్ ఆసుపత్రుల్లో అలవాటైపోయింది. అది కూడా ఓపియాయిడేనని రోగులకు తెలియదు. దుర్వినియోగం పెరిగాక 2018లో దాన్నీ ఆ చట్టం కిందికి తెచ్చారు.

కేరళ వేరే దారి పట్టింది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు నొప్పి, ఉపశమన చికిత్స సంఘం పెట్టారు. ఆయనే తర్వాత పాలియం ఇండియా సంస్థను స్థాపించారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. తెలుగు నేల మీద ఈ పనికి చిరునామా హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. డాక్టర్ గాయత్రి పాలత్ అక్కడ 2006లో ఉపశమన చికిత్స మొదలుపెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో గుంటూరు, ఒంగోలు వైపు నుంచీ క్యాన్సర్ రోగులు ఆ ఆసుపత్రికి వెళ్ళేవారు. నోటి పుండుతో మాట పెగలని మనిషి గుంటూరు నుంచి సుమారు 270 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి, మందు అయిపోతే మళ్ళీ చేయాలి. హ్యూమన్ రైట్స్ వాచ్ 2009లో మన దేశపు నొప్పి వైద్యంపై నివేదిక ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌నూ పరిశీలించింది. దేశంలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో సగానికి పైగా నొప్పి వైద్యమే అందించడం లేదని తేల్చింది.

ఏళ్ళ పోరాటం తర్వాత 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యావశ్యక మాదక ఔషధాలుగా వేరు చేసి, 2015లో దేశమంతటికీ ఒకే నియమాలు తెచ్చారు. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఒక్కరి గుర్తింపు చాలు. శిక్షణ పొందిన డాక్టరు ఒకరుండాలి, నిల్వల లెక్క రాయాలి, ఏటా పంపాలి. చట్టం తలుపు తీసి పదేళ్ళు దాటింది. లోపలికి అడుగుపెట్టాల్సింది ఆసుపత్రులే. 2017లో లాన్సెట్ కమిషన్ లెక్కగడితే మన దేశంలో అందుతున్న ఓపియాయిడ్ మందు అవసరంలో 4 శాతమే అని తేలింది.

గుంటూరులో ఇప్పుడు పరిస్థితి పాతికేళ్ళ కిందటిలా లేదు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా పెద్దాసుపత్రి ఉంది. నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఆ ఆవరణలోనే ఉంది. పక్కనే మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. ఒంగోలుకు సొంత వైద్య కళాశాల ఉంది. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో నొప్పి వైద్యం భాగమైంది. గోడలు, డాక్టర్లు, చట్టం మూడూ ఉన్న చోట హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిన అవసరం రాకూడదు.

అమెరికా పొరపాటు చెప్పేదేమిటి?

ఎదుటి అంచు కూడా చూడాలి. 1990ల్లో అమెరికాలో నొప్పిని జ్వరం, నాడి, ఊపిరి, బీపీల సరసన అయిదో ప్రాణ సూచికగా రాయాలన్న ఉద్యమం వచ్చింది. ఉద్దేశం మంచిదే. అదే కాలంలో, 1996లో, పర్డ్యూ కంపెనీ ఆక్సికాంటిన్‌ను వ్యసనం భయం లేని మందులా ప్రచారం చేసి అమ్మింది. 2007లోనూ 2020లోనూ ఆ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. పంటి నొప్పికీ నెల రోజుల బిళ్ళలు రాశారు. 2021లో అక్కడ మాదక ఔషధాలు మోతాదు మించి చనిపోయినవాళ్ళు లక్ష దాటారు. ఎక్కువమంది మరణానికి కారణం ఓపియాయిడ్లే.

ఆ ఉప్పెనకు అడ్డుకట్ట వేయాలని ముందుగా గొంతెత్తినవాళ్ళలో తెలుగు డాక్టరొకరున్నారు. కెంటకీ రాష్ట్రంలో పనిచేసే డాక్టర్ మంచికంటి లక్ష్మయ్య 1998లో నొప్పి వైద్యుల సంఘం స్థాపించారు. ఏ రోగికి ఏ డాక్టరు ఎన్ని బిళ్ళలు రాశాడో కంప్యూటర్లో కనిపించే ఏర్పాటుకు కేంద్ర చట్టం కావాలని ఆ సంఘం పట్టుబట్టింది. 2005లో అధ్యక్షుడు బుష్ దానిపై సంతకం చేశారు.

అమెరికా రోగుల రికార్డులు పరిశీలించి 2017లో వెలువరించిన విశ్లేషణ ఒకటుంది. క్యాన్సర్ కాని నొప్పికి తొలిసారి కనీసం ఒక్క రోజు ఓపియాయిడ్ వాడినవాళ్ళలో ఏడాది తర్వాతా వాడుతున్నవాళ్ళు 6 శాతం. ఎనిమిది రోజులు లేదా అంతకు మించితే 13.5 శాతం. నెల దాటితే దాదాపు 30 శాతం. అమెరికాలో లోపించింది రోజుల లెక్క. మన దగ్గర లోపించింది నొప్పి లెక్క. రెండు చోట్లా మందును నిందించి లాభం లేదు.

మనకు ఆ బెడద లేదనుకోవద్దు. 2019లో కేంద్ర ప్రభుత్వం, ఢిల్లీ ఎయిమ్స్ ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 2.1 శాతం మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారు. మందుల దుకాణాల్లో దొరికే రకాలు అందులో పెద్ద భాగమే. అలాంటివాళ్ళూ లారీ గుద్ది, కాలు విరిగి ఆసుపత్రికి వస్తారు. అలవాటు ఉందని తెలియగానే నొప్పి మందు ఆపేయడం వైద్యం కాదు. వాళ్ళ ఒంటికి మామూలు మోతాదు చాలదు, హఠాత్తుగా ఆపితే గిలగిల్లాడతారు. వ్యసన చికిత్సలో భాగంగా బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్నవాళ్ళకు దాన్ని కొనసాగిస్తూనే నొప్పికి వేరే ఏర్పాటు చేయాలి. సారాయి సంగతయినా, బిళ్ళల సంగతయినా డాక్టరుకు నిజం చెప్పాలి. నిజం చెప్పినందుకు చులకనగా చూడకపోవడం డాక్టరు వంతు.

మంచం పక్కన ఉండేవాళ్ళు అడగాల్సినవి

● ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరును అడగండి: మత్తు దిగాక నొప్పికి ఏం ఇస్తారు? నరానికి సూది వేసే వీలుందా?

● కిడ్నీ జబ్బు, అల్సరు, ఫిట్స్, గురక, నిద్రమాత్రలు, తాగుడు ఉంటే ముందే చెప్పండి. ఊళ్ళో వేయించుకున్న సూదులు, మింగిన బిళ్ళల అట్టలు వెంట తీసుకెళ్ళండి.

● నొప్పి ఎంతుందో కేసు షీటులో రాయమని మర్యాదగా అడగండి. మందు వేళకు ముందే నొప్పి వస్తే ఏం ఇస్తారో రౌండ్లకు వచ్చిన డాక్టరు చేతే రాయించండి.

● మార్ఫిన్ లాంటి మందిచ్చాక రోగి అతిగా జోగుతుంటే హాయిగా నిద్రపోతున్నాడని వదిలేయకండి, సిస్టరును పిలవండి.

● ఈ మందులతో మలబద్ధకం తప్పదు. రోజులు గడిచినా అది తగ్గదు. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే అడగండి.

● ఇంటికి పంపేటప్పుడు ఎన్ని బిళ్ళలు, ఎన్ని రోజులు, ఎలా తగ్గించాలో రాయించుకోండి. మిగిలిన బిళ్ళలు పక్కింటివాళ్ళకు ఇవ్వకండి, పిల్లలకు అందనివ్వకండి.

● క్యాన్సర్ రోగికి మార్ఫిన్ రాస్తే ‘ఇక అంతేనా’ అని భయపడకండి. నొప్పి ఉన్నంతకాలం, ఎన్ని నెలలైనా డాక్టరు పర్యవేక్షణలో వాడొచ్చు.

ఇక ఆసుపత్రుల వంతు. కేసు షీటులో ఒక గడి పెంచడానికి కొత్త నిధులు అక్కర్లేదు. నొప్పి రాయడం, జోగుతున్న రోగిని గుర్తించడం సిస్టర్లకు నేర్పడానికి విదేశీ నిపుణులు రానక్కర్లేదు. మార్ఫిన్ బిళ్ళ ఖరీదైన మందు కాదు, దాని గుర్తింపు కోసం పెట్టాల్సిన దరఖాస్తు ఇప్పుడు ఒక్కటే. ఇవన్నీ చేశాక రాత్రి వార్డులో సిస్టర్ల సంఖ్య పెంచడం ప్రభుత్వం చేయాల్సిన పని, దానికి డబ్బు కావాలి, అడగాల్సిందే. జిల్లా ఆసుపత్రుల తనిఖీకి వచ్చే అధికారులు బీరువాలో సీసాలు లెక్కపెట్టి వెళుతున్నారు. ఆ చేత్తోనే నాలుగు కేసు షీట్లు తిరగేసి, రాత్రి రెండింటికి నొప్పి ఎంతని రాశారో, దానికి ఏం చేశారో చూడడం మొదలుపెడితే చాలు. పై అధికారి అడిగిన గడి ఏ ఆసుపత్రిలోనూ ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు.